నాగులమ్మ అడిగిన వరం

ఆ ఆదివారం పొద్దున కూడా రంగనాయకులు ఎప్పటిలాగే వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దాని మీద తెల్లకాగితాలు సర్దుకున్నాడు. కొడవలూరు బయట హైవే మీద లారీల హోరు, ఇంటి వెనక వరిమళ్ల మీంచి వచ్చే తడిగాలి, మధ్యగదిలో భార్య ఆదిశేషమ్మ బక్కెట్టు జరుపుతున్న చప్పుడు. అన్నీ రోజూ ఉండేవే. ఆ బక్కెట్టు చప్పుడు మొదలవగానే ఆయన కుర్చీని ఇంకాస్త వీధివైపు జరుపుకుంటాడు. అదీ రోజూ ఉండేదే.

మధ్యగదిలో గాలిపరుపు మీద వాళ్ల కొడుకు పెంచలకృష్ణ ఉన్నాడు. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికిందని బైకు మీద ఇంటికొస్తుంటే హైవే మీద లారీ కొట్టింది. ప్రాణం దక్కింది. మాట పోయింది, కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి, చుట్టూ జరిగేదేదీ వాడికి తెలీదన్నారు. డాక్టర్లు ఆరునెలలు చూద్దామన్నారు, తర్వాత ఏడాది చూద్దామన్నారు, ఆ తర్వాత ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అది జరిగి నాలుగేళ్లు దాటింది. పొట్టకు అమర్చిన ట్యూబులోంచి గంజి పొయ్యడం, తుడవడం, గుడ్డలు మార్చడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం అన్నీ ఆదిశేషమ్మే. రంగనాయకులు గుమ్మం దాకా వస్తాడు, ఒకసారి చూస్తాడు, కళ్లు తుడుచుకుని వెనక్కి పోతాడు.

హైస్కూల్లో తెలుగు పండితుడుగా రిటైరైన మనిషి. కొడుకు మంచాన పడ్డాక ఆయనకు నవల రాయాలన్న ఆలోచన పుట్టింది. భక్తి నవల. అందులో నాగులమ్మ అనే ఇల్లాలు పెంచలకోన నరసింహస్వామి భక్తురాలు. ఆమె కొడుకు చెట్టు మీంచి పడి లేవలేని స్థితిలో ఉంటాడు. నాగులమ్మ విసుగూ విరామమూ లేకుండా స్వామిని కొలుస్తుంది. చివరికి ఒక స్వాతి నక్షత్రం నాడు, హారతి వేళకు, కొడుకు లేచి నడిచొస్తాడు. ఈ కథ రాస్తున్నంతసేపూ ఆయన గుండెకు కాస్త ఊపిరాడేది.

నవలను భక్తి పుస్తకాలు వేసేవాళ్లకు పంపితే, అక్కడ ఎడిటరుగా ఉన్న జయశీల అనే ఆమె కిందటివారం ఫోన్ చేసింది.

"కథ బాగుంది మాస్టారూ. నాగులమ్మే నాకు దొరకలేదు. పుస్తకమంతా ఆమె చేతులు జోడించుకునే ఉంది. ఆ చేతులు దించాక ఏం చేస్తుంది? ఎవరి మీద కసురుకుంటుంది? కొడుకు పక్కన కూచుని దేవుణ్ని ఏ మాటల్తో అడుగుతుంది? ముందు మీరామెతో పరిచయం చేసుకోండి. ఆఖరి అధ్యాయం సంగతి తర్వాత చూద్దాం."

నేను పుట్టించిన మనిషితో నాకు పరిచయమేమిటని ఆయనకు మొదట చిన్నతనంగా అనిపించింది. కానీ ఆమె చెప్పింది నిజమేనని రెండు రోజుల్లో తెలిసిపోయింది. కళ్లు మూసుకుని నాగులమ్మను పిలిస్తే, క్యాలెండరు బొమ్మలాగా జరీ అంచు చీరతో, చేతిలో హారతిపళ్లెంతో వచ్చి నిలబడేది. "అమ్మా, ఏమడుగుతావు?" అంటే నవ్వేది. అంతే.

అప్పుడాయనకు తట్టింది, ఇంట్లోనే ఒక తల్లి ఉంది కదా అని. ఆదిశేషమ్మ రోజూ స్నానం చేసి నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టి, పెదాలు కదుపుతూ కాసేపు నిలబడుతుంది. ఆ మాటలేమిటో తెలిస్తే చాలు.

ఆ పొద్దున ఆమె దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి రంగనాయకులు నిలబడి ఉన్నాడు.

"శేషమ్మా, రోజూ స్వామిని ఏమని అడుగుతావు?"

ఆదిశేషమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆయన మొహంలోకి చూసింది. అరిగిపోయిన ఆ మొహంలోకి ఏదో వెలుగులాంటిది వచ్చింది.

"ఇన్నాళ్లకు అడగతా ఉండారే. ఏంది, ఇట్టా కొత్తగా?"

"నవలకి కావాల. నాగులమ్మ నోట పెడదామని."

వచ్చిన వెలుగు అట్లాగే వెనక్కి పోయింది.

"ఆ నాగులమ్మనే అడగండి. ఆమెకి తీరికెక్కువ" అని గంజి కాచడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

పది గంటల బస్సుకు కూతురు భానుప్రియ నెల్లూరు నుంచి వచ్చింది. అక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరు. నెలకొకసారి వచ్చి తమ్ముణ్ని చూసి, అమ్మకు కాస్త సాయం చేసి, నాయన రాసిన కాగితాలు టైపు చేయడానికి తీసుకుపోతుంది.

"అమ్మా, ఇంత చిక్కిపోయినావేంది? అన్నం తింటా ఉండావా లేదా?"

"తింటా ఉండాలేవే. నువ్వు పోయి నాయన దగ్గర కూచో. పొద్దుట్నించి నీ కోసరం చూస్తా ఉండాడు."

రంగనాయకులు ఆఖరి అధ్యాయాన్ని అప్పటికే మళ్లీ రాసి పెట్టాడు. దాన్ని గట్టిగా చదివి వినిపించమన్నాడు. భానుప్రియ వరండా మెట్టు మీద కూచుని చదవసాగింది.

"'స్వామీ, నా బిడ్డకు చేసే సేవ నీకు చేసే సేవే. నాకు అలుపు లేదు, దిగులు లేదు. నువ్వు పరీక్షించినన్నాళ్లూ నిలబడతాను' అంది నాగులమ్మ. ఆమె కంట ఒక్క చుక్క నీరు లేదు. స్పృహ లేని ఆ బిడ్డ ముఖం ప్రశాంతంగా నవ్వుతున్నట్టుంది. అప్పుడు గర్భగుడిలో గంట దానంతటదే మోగింది..."

గుమ్మంలో నవ్వు వినిపించింది. ఖాళీ గంజిగిన్నె పట్టుకుని ఆదిశేషమ్మ నిలబడి ఉంది. ఆ నవ్వు చూసి భానుప్రియకు భయమేసింది. తల్లి అట్లా నవ్వగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏముంది నవ్వడానికి?" అన్నాడు రంగనాయకులు.

"అలుపు లేదంటనే ఆమెకి?"

"భక్తి అంటే అదే శేషమ్మా. నమ్మినవాళ్లకి అలుపుండదు."

ఆదిశేషమ్మ ఏదో అనబోయి మధ్యగది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈడొద్దు. దొడ్లోకి రండి. వాడు వింటాడు."

"వాడికేం వినపడతాది? డాక్టరు చెప్పలా?"

ఆమె దొడ్లోకి నడిచింది. తండ్రీకూతుళ్లు వెంట వెళ్లారు. దొడ్లో తీగ మీద కొడుకు పక్కబట్టలు ఆరేసి ఉన్నాయి. వాటి మధ్య నిలబడి ఆదిశేషమ్మ గిన్నెను తొట్టి గట్టు మీద పెట్టింది.

"నేనేం అడగతానో తెలవాలన్నారు గదా. చెప్తా, రాసుకోండి. వాణ్ని తీసుకుపో స్వామీ అని అడగతా. నాకంటే ముందర తీసుకుపో అని. రోజూ అదే. ఇంకోటి అడగను."

భానుప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రంగనాయకులు మొహం నల్లబడింది.

"ఏం మాటలవి? స్వామి ముందర దీపం పెట్టి, ఆ నోటితో... నువ్వు తల్లివేనా?"

"నాయనా!" అని కేక వేసింది భానుప్రియ.

ఆదిశేషమ్మ మాత్రం గొంతు పెంచలేదు. ఆమె అలిసిపోయింది, కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేనంతగా.

"నా నడుము వంగటం లేదు. మొన్న వాణ్ని పక్కకి తిప్పతా కళ్లు తిరిగి మంచం కోడు పట్టుకున్నా. నేను పడితే? చెప్పండి. నేను పోయిన మరుసటి దినం వాడికి ఎవరు కడగతారు? మీరా? మీరు గుమ్మం దాటరు. దానికేమో అత్తగారిల్లు, పిల్లలు, ఉద్యోగం. దాన్నేమీ అనను. ఎవరూ లేని ఇంట్లో వాడు అట్టా తడిసిన గుడ్డల్లో పడుండి, ఆకలని కూడా చెప్పలేక... నేను చూస్తా ఉండగా పోతే, నా చేత్తో నీళ్లుపోసి పంపిస్తా. నాకదే వరం."

"అమ్మా, వద్దే" అంది భానుప్రియ ఏడుస్తూ.

"అడగతానే భానూ, అడిగినాక వాడి దగ్గరికి పోయి కాళ్లు పట్టుకుంటా. మన్నించరా అంటా. మీ నాయన పుస్తకంలో ఆమెకి ఈ బాధ లేదు. అదృష్టవంతురాలు."

ఆదిశేషమ్మ బక్కెట్టు తీసి, నీళ్లు నింపి, తువ్వాలు భర్త చేతికిచ్చింది.

"వాణ్ని కడిగే వేళయింది. ఈ పూట మీరు పోండి."

"నాకు తెలవదే శేషమ్మా."

"నాకెవరు నేర్పించినారు?"

సాయానికి కదిలిన కూతుర్ని చెయ్యి పట్టుకుని ఆపింది. రంగనాయకులు బక్కెట్టు మోసుకుని మధ్యగదిలోకి వెళ్లాడు.

గదిలో మందుల వాసన, దానికింద ఇంకో వాసన. కొడుకు గడ్డం నున్నగా గీసి ఉంది. తల్లే గీసిందని అప్పుడు తోచిందాయనకు. దుప్పటి తీశాడు. ఒకప్పుడు వడ్లబస్తా ఒంటిచేత్తో భుజాన వేసుకున్న కుర్రవాడి తొడలు చేతులంత సన్నగా ఉన్నాయి. వాణ్ని ఒక పక్కకు తిప్పాడు. నడుము కింద పుండు ఉంది, ఎర్రగా, నాణెమంత వెడల్పున, లోతుగా. ఇంత శ్రద్ధగా చూసుకునే చేతుల కింద కూడా పుండు పడింది. ఆమె ఏ నాడూ ఇంట్లో చెప్పలేదు.

"కృష్ణా, నేనురా, నాయన్ని" అంటూ గుడ్డ విప్పబోయాడు.

కొడుకు గొంతులోంచి సన్నటి శబ్దం వచ్చింది. మెడను ఆ కాస్త, తిప్పగలిగినంత, గోడవైపు తిప్పుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు చెవిలోకి జారాయి.

రంగనాయకులు చెయ్యి ఆగిపోయింది. వాడు సిగ్గుపడుతున్నాడు. తండ్రి ముందు బట్టల్లేకుండా పడుకోవలసి వచ్చినందుకు ముప్పై దాటిన మగవాడు సిగ్గుపడుతున్నాడు. వాడికి అన్నీ తెలుసు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయే అడుగులూ తెలుసు. ఇందాక వరండాలో చదివిన, స్పృహ లేని బిడ్డ ప్రశాంతంగా నవ్వడమూ వినే ఉంటాడు.

ఆయన మంచం పక్కన కూలబడ్డాడు. పరుపు అంచుకు నుదురు ఆనించి, బడిలో పిల్లల్ని గడగడలాడించిన మనిషి నోట తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. ఎంతసేపు ఏడ్చాడో తెలీదు. వెనకనుంచి ఆదిశేషమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏడిస్తే నీళ్లు చల్లారిపోతాయి. ముందర మొహం తుడవండి. ఆ మీదట చేతులు. మీరు చెయ్యేసే ముందర వాడికి చెప్పండి, ఇప్పుడిది చేస్తా ఉండా నాయనా అని. చెప్తే బిగదీసుకోడు."

"వాడికి తెలుసని నాకెందుకు చెప్పలా?"

"చెప్తే మీరు ఆ వరండా దాటి వీధిలోకి పోయుంటారు."

రంగనాయకులు ఆమె అన్నట్టే కొడుకుకు చెప్పి మొహం తుడిచాడు, చేతులు తుడిచాడు.

ఆ తర్వాత రోజుల్లో ఆయన నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడంటే బాగా చేశాడని కాదు. గంజి ఒలకబోశాడు, ఒకసారి వాసనకు తట్టుకోలేక దొడ్లోకి పరిగెత్తి కక్కుకున్నాడు, మళ్లీ మొహం కడుక్కుని వచ్చాడు. పుండు మానలేదు. కొడుకు ఆయన చెయ్యి తగిలినప్పుడల్లా కళ్లు మూసుకుంటూనే ఉన్నాడు. ఆదిశేషమ్మ మాత్రం మధ్యాహ్నాలు ఒక గంట చాపమీద నడుం వాల్చడం మొదలుపెట్టింది. నిద్రలో ఆమె మూలుగు విని ఆయనకు ఇంకా భయమేసేది. ఇన్నేళ్లూ పక్కనే ఉండి ఆ మూలుగు కూడా వినలేదు.

జయశీల మళ్లీ ఫోన్ చేసింది. "ఏం మాస్టారూ, నాగులమ్మతో పరిచయమైందా?"

"అయిందమ్మా."

"మరి ఆఖరి అధ్యాయం ఎప్పుడు పంపిస్తున్నారు?"

"పంపించనమ్మా. ఆ బిడ్డ లేవడు. ఆమె దేవుణ్ని ఏమడుగుతుందో నాకు తెలిసింది గానీ, అది కాగితం మీద పెట్టేది కాదు."

"అయ్యో, అదే కదండీ మనకు కావలసింది! నిజమైన భక్తి అక్కడే..."

"కాదమ్మా. ఆమె చెప్పింది నాకు, పుస్తకానికి కాదు" అని ఫోన్ పెట్టేశాడు. ఇంత కష్టపడి రాసినదాన్ని వదులుకున్నాక బాధ కలుగుతుందనుకున్నాడు. ఏమీ కలగలేదు. అంత చోటు లేదు లోపల.

మరుసటి రోజు పొద్దున ఆదిశేషమ్మ దీపం పెడుతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె పెదాలు కదిలాయి. ఆయనవీ కదిలాయి. హారతి కళ్లకద్దుకున్నాక ఆయన మెల్లగా అన్నాడు.

"శేషమ్మా, ఈపొద్దు నేను కూడా నువ్వడిగేదే అడిగినా."

ఆదిశేషమ్మ ఉలిక్కిపడి ఆయన వైపు తిరిగింది. ఆనాడు దొడ్లో అన్ని మాటలన్నప్పుడూ తడవని కళ్లు ఒక్కసారిగా నిండిపోయాయి. ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దండీ. మీరట్టా అడగబాకండి. మీరు ముందట్టాగే, వాడు లేచి నడవాలనే అడగండి."

"నాకు నమ్మకం లేదే."

"లేకపోయినా అడగండి. ఈ ఇంట్లో ఒకరన్నా ఆ మాట అడగతా ఉండాల. నాకు నోరు రావటం లేదు" అంటూ ఆమె ఆయన భుజం మీద తల ఆనించి, కొడుకుకు వినపడకుండా, గొంతు లోపలే అణుచుకుంటూ ఏడ్చింది. రంగనాయకులు ఆమె తల మీద చెయ్యి వేసి, పటం వైపు తిరిగి, నమ్మకం లేని ఆ మాటను అడగడానికి పెదాలు విప్పాడు.