ఆపేముందు సున్నాకి

ఆసిలోస్కోప్ అంటే ఏమిటో ముందు చెప్పేస్తాను. అది తెలియకపోతే తర్వాత జరిగినది అర్థం కాదు. చిన్న టీవీలాంటి పెట్టె అది. తీగలో కరెంటు ఎలా ఊగుతోందో తెర మీద ఆకుపచ్చ గీతగా చూపిస్తుంది. ఏ తీగా తగిలించకపోతే గీత తిన్నగా ఉండాలి. పక్కన ఒక నాబ్ ఉంటుంది. తిప్పితే గీత ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. మారేది బొమ్మే, మనం కొలుస్తున్నది కాదు. ముప్పై రెండేళ్లు కాలేజీ ల్యాబులో పిల్లలకి ఈ మాటే చెప్పాను.

మా మనవరాలు అమూల్య ఇంజనీరింగ్ చదువుతూ భవానీపూర్‌లో మా దగ్గరే ఉంటోంది. ప్రాజెక్టు కోసం పాత ఆసిలోస్కోప్ ఒకటి ఆన్‌లైన్‌లో కొంది. అమ్మినవాడు గార్డెన్ రీచ్‌లో పాత సామాన్ల వ్యాపారి. పనిచేస్తుందో లేదో చూడలేదనీ, వెనక్కి తీసుకోననీ ముందే రాశాడు.

"ఆ అమ్మిన దాదా చూడకపోతే పోనీ, తుడవనైనా లేదు అమ్మమ్మా," అంది అట్టపెట్టె విప్పుతూ.

శ్రావణ మాసం, వాన. నాలుగింటికే గది మసకబారింది. పక్క గదిలో మా ఆయన పడుకున్నారు. ఆర్నెల్ల కిందట గుండెనొప్పి వచ్చింది. అప్పట్నుంచీ మధ్యాహ్నం పడక తప్పనిసరి. ఆయన గురక వానచప్పుడులో కలిసి వినబడుతోంది.

ఫ్యూజు కాలిపోయి ఉంది. మార్చి స్విచ్చి వేశాం. లోపల సన్నగా ఝుమ్మని మోత. వేడెక్కిన దుమ్ము వాసన, దాని వెనక ఆస్పత్రి వాసన. కాసేపటికి తెర మీద ఆకుపచ్చ వెలుగు.

గీత తిన్నగా లేదు. ఒక గుబ్బ... కాస్త ఖాళీ... మళ్లీ గుబ్బ.

"ఏ తీగా తగిలించలేదు కదే?"

"లేదు అమ్మమ్మా. గోడలో కరెంటేమో?"

"అదైతే సెకనుకి యాభైసార్లు ఊగాలి. లెక్కపెట్టు."

నిమిషానికి డెబ్బై రెండు. ఫ్యాను ఆపాం, ఫోన్లు అవతల పెట్టాం. డెబ్బై రెండే. నా నాడి చూసుకున్నాను, ఎనభై. అమూల్యది తొంభై దాటింది.

ఇద్దరం పక్క గది వైపు చూశాం.

"నేను తాతయ్య చెయ్యి పట్టుకుంటాను," అన్నాను గొంతు తగ్గించి. "గుబ్బ వచ్చినప్పుడల్లా నువ్వు పెన్సిల్‌తో బల్ల మీద కొట్టు."

మంచం పక్కన కూర్చుని ఆయన మణికట్టు మీద వేళ్లు పెట్టాను. టక్... టక్... టక్. నా వేళ్ల కిందా అదే. ఆయన గుండె అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పుతుంది. డాక్టరుకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడూ తప్పింది.

పెన్సిలూ తప్పింది.

"ఆపేసెయ్యి," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఏ పరికరాన్నైనా ఆపేముందు నాబులన్నీ సున్నాకి తేవాలని నా దగ్గర చదివిన ప్రతి పిల్లకీ నేర్పాను. అమూల్యకి ఎనిమిదో ఏట నేర్పాను.

వేళ్ల కింద నాడి సన్నబడింది. దారంలా... వెంట్రుకలా... గురక ఆగింది. పెదవులు నీలం తిరిగాయి.

"ఏటి చేస్తున్నావే?"

"నాబ్ సున్నాకి తెస్తున్నా అమ్మమ్మా. ఆపేముందు—"

"వెనక్కి తిప్పు."

"కానీ—"

"వెనక్కి. ఎక్కడుందో అక్కడికి."

వాన. వాన తప్ప ఏమీ లేదు. తర్వాత వేలి కింద ఒక దెబ్బ. మరొకటి. ఆయన ఊపిరి గట్టిగా లాగి కళ్లు తెరిచారు.

"ఏటి, ఈ వయసులో చెయ్యి పట్టుకు కూర్చున్నావు? మనవరాలు చూస్తోంది," అన్నారు.

ఇది జరిగి పదకొండు రోజులు. పెట్టె ఆ బల్ల మీదే వెలుగుతోంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. అమూల్య ప్రాజెక్టు మాట ఎత్తడం లేదు. నాబ్ కదలకుండా దాని మీద పారదర్శకమైన టేపు బిగించి అంటించింది. రోజూ నాలుగింటికి నేను నోటుబుక్కులో రాస్తున్నాను: నిమిషానికి ఎన్ని గుబ్బలు, తెర మీద ఎన్ని గళ్ల ఎత్తు. పది రోజులూ డెబ్బై రెండు, నాలుగు గళ్లు. డాక్టరు కూడా చూసి, గుండె బాగుందన్నారు.

నిన్న మా ఆయన సాయంత్రం టీ వద్దన్నారు. కాస్త నీరసంగా ఉందన్నారు.

వెళ్లి చూశాను. మూడు గళ్లు.

నాబ్ ఒక గుర్తు కిందికి తిరిగి ఉంది. టేపు చిరగలేదు, ఊడలేదు. అద్దాలు పెట్టుకుని దగ్గరగా చూశాను. టేపు మీద బొటనవేలి ముద్ర ఒకటి ఉంది. మొన్న లేదు. గుడ్డతో తుడిచాను. పోలేదు. బయటినుంచి నొక్కిన ముద్ర అయితే తుడిస్తే పోవాలి.

ఇది లోపలివైపు ఉంది. జిగురు మీద.