విడుదల రాతిలో చివరి వరుస

త్రిఫేరా రొప్పుతూ వచ్చేసరికి ఫిలోకారిస్ ఎండు అత్తిపండు నములుతున్నాడు. కోరింథు నగరంలో తగవుల వెనక నిజాన్ని బయటికి లాగడమే అతని బతుకుతెరువు. పక్కనున్న మిక్కియోన్ ఒకప్పుడు రాళ్లమీద అక్షరాలు చెక్కినవాడు. ఫిలోకారిస్ తెలివికి ముచ్చటపడి అతని వెంటే ఉండిపోయాడు.

"కాపాడండి బాబుగారూ! రేపు చీలో మనుషులొచ్చి నన్ను లాక్కుపోతారట. నాకిప్పుడు ఆరో నెల. ఆ ఇంట్లో పుడితే బిడ్డ కూడా బానిసేనంటున్నాడు."

"కూర్చోమ్మా. నిన్ను మీ అయ్యగారు వర్సేనియస్ బానిసత్వం నుంచి విడిచిపెట్టారుగా?"

"ఎనిమిదేళ్లయింది. గుడిగోడకు విడుదల రాయి కూడా పెట్టించారు. ప్రమిదలు చేసుకుని బతుకుతున్నా. పోయినేడు మంచాన పడి మేనల్లుడు చీలోను దత్తత చేసుకున్నారు, పోయారు. చీలో బతికున్నన్నాళ్లూ నేను అతనికి చాకిరీ చెయ్యాలని రాతి చివర రాసుందట. నాకు చదువు రాదాయె!"

ముగ్గురూ వైద్యదేవుడి గుడికి వెళ్లారు. మిక్కియోన్ రాతిని వేళ్లతో తడిమాడు. చివరి వరుసలో 'లూసియస్ వర్సేనియస్ చీలో జీవించినంతకాలం ఈమె అతని సేవలో ఉండవలెను' అని ఉంది.

"అదే చెయ్యి, అదే ఉలి, అదే ఎర్రరంగు. తప్పు పట్టడానికేం లేదు," అన్నాడు దిగులుగా.

ఫిలోకారిస్ పూజారి వైపు తిరిగాడు. "ఇది ఎప్పటి రాయండీ?"

"ఆ ఏటి అధికారుల పేర్లు పైనే ఉన్నాయిగా. ఎనిమిదేళ్లు."

"చీలో కూడా ఓ ఏడు నగరాధికారం చేశాడుగా, ఎప్పుడు?"

"అయిదేళ్ల కిందట. ఆ ఏడంతా ఆయన గొప్పలు విని మా చెవులు చిల్లులుపడ్డాయి."

"మిక్కియోన్, పద చేపల బజారుకి!"

"ఇప్పుడు తిండేంటి గురూ?"

"తిండి కాదోయ్, చిల్లర."

బేరగత్తెల తిట్లు తింటూనే వాళ్ల చిల్లర గిన్నెలు గాలించి, ఏటా అధికారుల పేర్లతో పోసే నాణేల్లో చీలో ఏటి కంచునాణెం ఒకటి ఏరుకున్నాడు.

మర్నాడు గుడిముందు నగరాధికారి, పూజారి, రాతిపనివాడు హెర్మాస్, తెల్లటి టోగా అనే రోమను వస్త్రం కప్పుకున్న చీలో, అందరూ చేరారు.

"అయ్యా, తమరి పూర్తి పేరు?" అన్నాడు ఫిలోకారిస్.

"లూసియస్ వర్సేనియస్ చీలో!" అన్నాడతను ఛాతీ విరుచుకుని.

"ఈ నాణెం తమరిదేనా?"

"నా ఏలుబడిదే."

"అయితే దానిమీది పేరు చదవండి."

చీలో నాణేన్ని గుప్పిట్లో దాచబోయాడు. నగరాధికారి అందుకుని చదివాడు: "పబ్లియస్ టాడియస్ చీలో."

"అది కన్నతండ్రి ఇంటిపేరు," అన్నాడు ఫిలోకారిస్. " రోమనులు దత్తతకు వెళ్తే పెంచుకున్నవాడి పేరు వస్తుంది. ఈయన వర్సేనియస్ అయింది పోయినేడే. అయిదేళ్ల కిందట నాణెంమీద టాడియస్. మరి ఎనిమిదేళ్ల రాయికి ఈ కొత్త పేరు ఎలా తెలిసింది? అడుగున ఖాళీ చూసి, పాత పనివాణ్ణే పట్టుకుని ఈమధ్యే చెక్కించాడు. పాత పేరు చెక్కించి ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి. కొత్త పేరు మోజు ఆగనిస్తేగా!"

"ఆయన చెప్పిందే చెక్కాను దొరా!" హెర్మాస్ కూలబడ్డాడు.

"చెక్కింది నువ్వేగా, నువ్వే చెరుపు," అన్నాడు నగరాధికారి. "ఈమె స్వతంత్రురాలు. బిడ్డా అంతే."

గుంపు ఈలలు వేసింది. హెర్మాస్ ఉలి దెబ్బలకు రాతిపొడి రాలి చీలో టోగా బూడిదరంగుకు తిరిగింది. మిక్కియోన్ గుండె ఉప్పొంగింది. తాను గంటసేపు తడిమినా దొరకనిది గురువుకు చేపల గిన్నెలో దొరికింది!

త్రిఫేరా నడుముమీద చేయి వేసుకుని దగ్గరుండి చూసింది. "ఆ మూల ఇంకో గీత మిగిలింది. అదీ కొట్టెయ్ అన్నా!"

ఆఖరి పెచ్చు ఊడాకే ఆమె తన ప్రమిదల బట్టీ దారి పట్టింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు.