నల్లబడిన నాలుకలు

ఉదయం 6:20.

తర్లుపాడు దగ్గర రంగనాయకులు చేలో ఇరవైమూడు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి.

పొట్టలు ఉబ్బాయి. కళ్ల మీద ఈగలు. ఎస్సై అరుణ ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంది. కంపు ఆగలేదు.

గొర్రెలు కాపరి ఆదెయ్యవి. మంద చేలో పడుకుంటే పెంట, ఉచ్చ నేలకు బలం. అందుకే రెండు రోజుల కిందట రంగనాయకులు మందను తన చేలోకి పిలిచాడు.

"పిలిచి సంపినాడమ్మా," అన్నాడు ఆదెయ్య.

పోయిన నెల ఆ గొర్రెలు రంగనాయకులు కంది మేశాయి. పెద్ద గొడవైంది. ఇప్పుడు అతని కొట్టంలో పురుగుమందు డబ్బా దొరికింది. అరెస్టు చెయ్యాలని ఊరంతా పట్టుబట్టింది.

"తీసకపోతే తీసకపోండి మేడమ్. నేనైతే మందు పెట్టలే," అన్నాడు రంగనాయకులు.

అరుణ డబ్బా తిప్పి చూసింది. సీలు తియ్యలేదు.

పశువుల ఆసుపత్రి కాంపౌండర్ గట్టు మీదే నిలబడి, నాలుకలు నల్లబడ్డాయి కాబట్టి నీలినాలుక రోగమన్నాడు. అరుణ నాయనకూ గొర్రెలుండేవి. ఆ రోగం ఒక్క పొద్దులో ఇరవైమూడింటిని చంపదు. ఆమె దూది తడిపి ఒక నాలుక తుడిచింది.

నలుపు దూదికి వచ్చేసింది.

బొగ్గుపొడి.

చేనంతా అదే. పక్కనున్న బయోచార్ ప్లాంటు ఉచితంగా ఇచ్చింది. పనికిరాని కంపచెట్ల కట్టెను గాలి తగలనీకుండా కాలుస్తారు. ఆ బొగ్గు నేలలో తేమను నిలుపుతుంది. చెట్టు పీల్చిన కార్బన్ పొగై పోకుండా మట్టిలోనే ఉంటుంది; అలా చేలకు చేర్చిన ప్రతి టన్నుకూ ప్లాంటుకు డబ్బొస్తుంది. బొగ్గుకు ఉచ్చ పడితే ఇంకా మంచిదని రంగనాయకులు దాని మీదే మంద నిలిపాడు.

గొర్రె బొగ్గును ఎందుకు నాకింది?

ఐదో రోజు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. గొర్రెల కడుపుల్లో ఆర్సెనిక్. బొగ్గులోనూ ఆర్సెనిక్.

మధ్యాహ్నం 3:10కి అరుణ ఆదెయ్యనూ రంగనాయకులునూ ప్లాంటు యార్డుకు తీసుకెళ్లింది. మేనేజర్ సుమన్ కుర్చీలు వేయించాడు. తమది అంతా కంపకట్టేనని, సర్టిఫికెట్ ఉందని, రైతే ఏదో కలిపి ఉంటాడని చెప్పాడు.

అరుణ కుప్పలోంచి సగం కాలిన ముక్క లాగింది. ఒక పక్క పచ్చ రంగు. మధ్యలో గుండ్రంగా బోల్టు రంధ్రం.

"కంపచెట్టుకు బోల్టులు ఎవరు బిగించినారు సుమన్?"

అతను తల దించాడు.

"ఫ్యాక్టరీలో నీళ్లు చల్లార్చే కూలింగ్ టవర్ ఇప్పిన పాత చెక్క మేడమ్. కంప కొట్టేదానికి కూలోళ్లు దొరకలే. టార్గెట్ ఉండాది."

అరుణ మిగతా ఇద్దరి వైపు తిరిగి వివరించింది. చెదలు పట్టకుండా ఆ చెక్కకు ఆర్సెనిక్ మందు ఎక్కిస్తారు. కాల్చినా ఆ విషం బొగ్గులో మిగులుతుంది. రుచికి ఉప్పగా ఉంటుంది. ఉప్పంటే గొర్రెకు ప్రాణం.

"విషమని నీకు తెలుసా?"

"నేల్లోకే కదా మేడమ్ పొయ్యేది," అన్నాడు సుమన్. "ఎవరు చూస్తారనుకున్యా."

అరుణ జీపు వైపు చెయ్యి చూపింది. కానిస్టేబుల్ అతన్ని జీపెక్కించాడు.

ఆదెయ్య వెళ్లి రంగనాయకులు చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పైపోయింది మామా."

రంగనాయకులు చెయ్యి విడిపించుకోలేదు. కంచె అవతల నల్లగా ఉన్న చేను వైపు చూస్తున్నాడు.

"నీ గొర్రెల్ని గుంట తీసి పూడ్చినాం. నా చేన్ని యాడ పూడ్చాల ఆదెయ్యా?"