మంచంమీద పడవ

"మా అమ్మను నేను చంపలేదండీ," అంది ఆమె లోపలికి వస్తూనే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

మధ్యాహ్నపు ఎండ పల్చటి కర్టెన్‌లోంచి గదిలోకి మెత్తగా దిగుతోంది. బల్ల వెనక డిటెక్టివ్ కళ్లు మూసుకుని ఉంది. ఎదుటివాళ్లు చెబుతుంటే కళ్లు మూసుకోవడం ఆవిడ అలవాటు. అందుకే ఊరంతా ఆవిడను కునుకుగారు అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లలో ఒకరిద్దరు ఆవిడ పుణ్యమా అని జైల్లో ఉన్నారు, అది వేరే సంగతి.

"నిద్రపోవడం లేదులెండి, చెప్పండి," అన్నాడు పక్కనున్న లాయరు. కేసులు తేవడం, ఆవిడ సంచీ మోయడం, ఆవిడ తెలివితేటల గురించి కాఫీ చల్లారేదాకా ఊదరగొట్టడం ఆయన పని.

ఆమె చెప్పింది. పక్షవాతంతో తల్లి మంచాన పడితే, ఉద్యోగం చేసుకుంటూనే ఇంట్లో చూసుకుంది. తన నడుం పట్టేసి ఇక ఎత్తలేని పరిస్థితి వచ్చాక, పెద్దవాళ్లను చూసుకునే నర్సింగ్‌హోమ్‌లో చేర్చింది. వెంట గాలిపరుపు కూడా ఇచ్చింది. చిన్న మోటారు దాని అరల్లో గాలి నింపుతూ, తీస్తూ ఉంటుంది. ఒకేచోట ఒత్తిడి పడదు కాబట్టి ఒళ్లు పుండు పడదు. అయినా నడుం కింద పుండు పడింది. అది ముదిరి, రక్తం విషమై, సెప్సిస్‌తో తల్లి పోయింది.

"పుండు ఇంటినుంచే తెచ్చుకుందని అక్కడి మేనేజరు అంటున్నాడు. మా తమ్ముడు నమ్మేశాడు. 'నువ్వే చంపావు' అని పదిమందిలో అన్నాడండీ. ఇప్పుడు నా మొహం కూడా చూడడు."

"కేసంతా ఆ మాటమీదే నిలబడుతుంది," అన్నాడు లాయరు. "పుండు అక్కడే పడిందనీ, వాళ్ల నిర్లక్ష్యమేననీ చూపిస్తే వాళ్లు జవాబు చెప్పి తీరాలి. లేదంటే తుస్సుమంటుంది."

కునుకుగారు కళ్లు తెరవలేదు. "చివర్లో అమ్మ ఏమంటుండేది తల్లీ?"

"అంతా సంధి మాటలండీ. మొదట్లో వెళితే 'పడవ హాయిగా ఉందే' అనేది. తర్వాత్తర్వాత 'పడవ ఆగిపోయింది, బురదలో దిగబడ్డాను, ఎవర్నైనా పిలవవే' అనేది. నేను నవ్వేసి తల దువ్వేదాన్ని."

"గదిలో ఇంకేముండేవి?"

"పక్క మంచంలో ఓ మామ్మ. అమ్మ మంచం పక్కనే చేపల తొట్టి పెట్టారు. అమ్మకి కాలక్షేపమని సంబరపడ్డాను కూడా."

మర్నాడు ముగ్గురూ వెళితే నర్సింగ్‌హోమ్ మేనేజరు నవ్వు పులుముకుని ఎదురొచ్చాడు. అడుగున నీలి గులకరాళ్లు పరిచిన చేపల తొట్టి ఇప్పుడు ముందు హాల్లో ఉంది. గదిలో మంచం పక్కన బల్లమీద దాని నీటి మరక చారలా మిగిలింది. మేనేజరు గాలిపరుపు స్విచ్చి వేశాడు. "చూడండి మేడమ్, బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

కునుకుగారు చెప్పులు విడిచి ఆ పరుపుమీద పడుకుంది. లాయరు సిగ్గుతో చచ్చిపోయి కిటికీవైపు తిరిగాడు. పరుపు ఆవిడ భుజంకింద ఉబ్బింది, నడుంకింద తగ్గింది, మళ్లీ ఉబ్బింది. పైకప్పుమీద ఎండ వెలుగు నీళ్లలా కదిలింది. ఆవిడకు కాసేపు తనెక్కడుందో తెలియలేదు. పక్కకు ఒత్తిగిలితే మంచం తలవైపు గోడకు ప్లగ్గు కనబడింది. గదంతటికీ అదొక్కటే. దానికింద నేలమీద ఒక నీలిరంగు గులకరాయి.

"అమ్మగారిని చేర్చిన రోజు స్నానం చేయించింది మీరేనా సిస్టర్?" అంది పడుకునే, మంచం పక్కనున్న నర్సుతో.

"నేనేనండీ. ఒళ్లంతా పౌడరు రాశాను. మచ్చైనా లేదు, పసిపిల్ల ఒళ్లులా..." నర్సు మేనేజరును చూసి నాలిక కరుచుకుంది.

పక్క మంచం మామ్మ ఉత్సాహంగా అందుకుంది. "ఆ మోటారు బుర్రుమంటూ నా ప్రాణం తీసేదమ్మా! చేపలొచ్చాక ఆ గోల పోయింది. బుడబుడమంటుంటే ఎంత హాయిగా నిద్రపట్టేదో!"

"చూశారా, మా ఏర్పాట్లు!" అన్నాడు మేనేజరు.

కునుకుగారు మెల్లగా లేచి కూర్చుంది. "లాయరుగారూ, ఈవిడ తమ్ముణ్ని రమ్మనండి. అందరూ ఉండగా చెబుతాను."

సాయంత్రానికి తమ్ముడు వచ్చి, అక్కకు దూరంగా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీ అమ్మగారిది సంధి మాట కాదు బాబూ," అంది కునుకుగారు. "ఈ పరుపుమీద పడుకుంటే పడవలోనే ఉన్నట్టుంటుంది. పడవ ఆగిందంటే మోటారు ఆగిందన్నమాట. ఎప్పుడాగింది? మామ్మగారు చెప్పారు, చేపలొచ్చాక. గదికి ఉన్నది ఒకే ప్లగ్గు. తొట్టిలో రాయి దానికిందే దొరికింది. మేనేజరుగారు పరుపు తీగ పీకి తొట్టి తీగ పెట్టారు. పుండు ఇంటినుంచి రాలేదని సిస్టర్ నోటే విన్నాం."

"అవన్నీ ఊహలు!" మేనేజరు గొంతు కీచుమంది.

నర్సు మొహం చేతుల్లో దాచుకుంది. "ఊహలు కాదు సార్. చూడ్డానికొచ్చేవాళ్లకి గది అందంగా కనబడాలని మీరే పెట్టించారు. పరుపు ఆగిపోయిందని నేను చెబితే, 'తీగ మారిస్తే చేపలు చచ్చిపోతాయి' అన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. పరుపుందిగా అని ఆవిణ్ని పక్కకు తిప్పడం ముందే మానేశాం. ఆగిపోయాకైనా తిప్పలేదు. ఈ మాట ఎక్కడైనా చెబుతాను."

మామ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లాయరు మెల్లగా కాగితం తీశాడు. "ఫిర్యాదు ఎవరి పేరున?"

"అక్క పేరున రాయండి," అన్నాడు తమ్ముడు.

ఆమె తలెత్తలేదు. "నా పేరెందుకురా? ఎవర్నైనా పిలవవే అని అమ్మ నాకే చెప్పింది. నేను నవ్వాను."

తమ్ముడు వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నువ్వు విని నవ్వావు. నేను వినడానికి ఒక్కసారైనా రాలేదక్కా."