మూడు వందల పదిహేడో బిళ్ళ

రిటైరైన మొగోడు ఇంట్ల కూసుంటే ఆడోళ్ళకు తలనొప్పి అంటరు. సదానందం ఆ మాట పడలే. గోదావరిఖనిల కంపెనీ క్వార్టరు, ముందటి అర్రల మంచం అవతలికి నూకి, ప్లైవుడ్ చెక్క మీద బుల్లి రైలుపట్టాలు పరుచుకున్నడు. అట్టలు, పాత పేపర్లు అతికించి ఒక గుట్ట, ఆ గుట్టల సొరంగం, సొరంగం దాటంగనే ఒక ఎత్తు. ఆ పట్టాల మీద నడిచే జానెడు డీజిలింజను బిడ్డ హర్షిణి కొనిచ్చింది.

ఇరవై తొమ్మిదేండ్లు బొగ్గుబాయిల ఫిట్టరు పని చేసిన చెయ్యి ఊకుంటదా? ఇంజను వచ్చిన తెల్లారే విప్పిండు. గరగరలాడే మోటరు పీకి పాత ప్రింటరు మోటరు బిగించిండు. గేర్ల పండ్లు నున్నగ రుద్ది కుట్టుమిషను నూనె చుక్క పెట్టిండు. చక్రాలకు కరెంటు ఆగకుండ అందేటట్టు రాగిరేకులు తగిలించిండు. ఇప్పుడది పిల్లి నడిచినట్టు నడుస్తున్నది. కని ఎనిమిది బొగ్గు డబ్బాలు తగిలిస్తే చాలు, ఎత్తు కాడ చక్రాలు ఉన్న జాగలనే గిర్రున తిరుగుడు.

"బరువు చాలుతలేదు బాపు," అన్నది హర్షిణి పొద్దుగాల. ఆమె అదే బాయిల సర్వే సెక్షన్, ఫస్ట్ షిఫ్టుకు లోపలికి దిగుతది. తన నంబరు బిళ్ళ వేళ్ళ నడుమ తిప్పుకుంట నిలవడ్డది. ఆరు వందల నలభై రెండు. గుర్తుకని అంచుకు ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టుకున్నది. "మూడింటికల్లా ఇంట్ల ఉంట. అప్పటికి ఎక్కియ్యకపోతే నువ్వు ఫిట్టరువే కాదు."

"పో బిడ్డా, కోడి కంటె ముందు గుడ్డు కూసిందట," అని నవ్విండు సదానందం.

భార్య కనకవ్వ కమాన్‌పూర్‌ల చుట్టాలింటికి పోయింది. బయట ముసురు. పగటీలి రెండుగంటలకే లైటు వేసుకునే చీకటి. ఇంజను లోపల సీసం ముక్కలు పెట్టి చూసిండు, మందం ఎక్కువై మూత పడలే. సన్నటిది కావాలె, బరువుండాలె. అటుకు మీది రేకు డబ్బా దించి వెతికితే, అడుగున బట్టల చుట్టి ఉన్నది ఒక ఇత్తడి బిళ్ళ. మూడు వందల పదిహేడు.

అది ముత్యంది, తనతోని ఒకే షిఫ్టుల దిగినోనిది.

బాయిల పాత రివాజు ఒకటున్నది. దిగేటోడు పైన తలదీపాలిచ్చే ల్యాంపు రూముల తన బిళ్ళ కొక్కేనికి తగిలియ్యాలె, పైకొచ్చినంక తీసుకోవాలె. బిళ్ళ ఉన్నదా, మనిషి లోపలున్నడు. కొక్కెం ఖాళీయా, మనిషి బయటున్నడు. షిఫ్టు అయినంక మనుషుల మొఖాలు ఎవరు చూస్తరు, కొక్కేలే చూస్తరు.

పద్దెనిమిదేండ్ల కింద షిఫ్టు చివర ముత్యం అన్నడు, "నడువు బావా, నా బిళ్ళ గూడ తీసిపెట్టు, వెనుకనే వస్తున్న." సదానందం రెండు బిళ్ళలు తీసుకొని బస్సెక్కిండు. లోపల కప్పు కూలింది. కొక్కేలు ఖాళీ, లెక్క సరిపోయింది, ఆ రాత్రి ఎవ్వరూ వెతకలే. తెల్లారి దొరికినప్పుడు ముత్యం చేతుల రాయి ఉన్నది. పైపు మీద కొట్టుకుంట కొట్టుకుంట చానాసేపు బతికే ఉన్నడన్నరు. సదానందం ఏడ్చిండు, పాడె మోసిండు. బిళ్ళ సంగతి మాత్రం ఎవ్వరికీ చెప్పలే.

"ఇత్తడి ఇత్తడే గదా," అనుకున్నడు ఇప్పుడు. అయినా నంబరు కనబడకుండ కిందికి తిప్పి టేపు వేసిండు. కొలిచి కోసినట్టు సరిపోయింది.

ఎనిమిది డబ్బాలతోని ఇంజను ఎత్తు ఎక్కింది! ఒక్క చక్రం జారలే. సదానందం చిన్నపోరని లెక్క చప్పట్లు కొట్టిండు.

అప్పుడే కాళ్ళ కింద నేల దబ్బున కదిలింది. కిటికీ అద్దాలు జలజలమన్నయి. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు కావచ్చనుకున్నడు. ఇంత వానల బ్లాస్టింగు ఏందని ఆలోచన రాలే.

రెండోసారి ఇంజను సొరంగంల పోయి... ఆగింది.

స్విచ్చు తిప్పిండు. కదలలే. లోపల్నుంచి టక్... టక్... టక్... గేరు పన్ను విరిగిందనుకొని వైరు పీకేసిండు.

టక్... టక్... టక్...

సదానందం చేతుల వైరు ఉన్నది. చప్పుడు ఆగుతలేదు.

వాసన వచ్చింది. తడి బొగ్గు, కుళ్ళిన దుంగలు, చెమట. ఆ వాసన ఆయనకు ముక్కుతోని కాదు, ఒంటితోని ఎరుక. వంగి సొరంగంల చూసిండు. మూరెడు అట్ట సొరంగం. అవతలి వెలుగు కనబడాలె.

కనబడలే.

"బావా..." లోపల్నుంచి ఊపిరంత సన్నగ. "నా బిళ్ళ... తీసినవా..."

  సదానందం చివరి డబ్బా పట్టి బండిని బయటికి గుంజిండు. ఇంజను మంచుగడ్డ లెక్క చల్లగున్నది. మూత మీద నల్లటి నీళ్ళు కారుతున్నయి. ఉంచుకుంటే పాపం, తీసి గోదాట్లెయ్యాలె అనుకుంట, మూత విప్పి టేపు పీకి, బిళ్ళ ఇవతలికి తిప్పిండు.

ఆరు వందల నలభై రెండు.

అంచుకు ఎర్ర చుక్క.

గోడ మీద గడియారం చూసిండు. నాలుగు కావస్తున్నది. హర్షిణి రాలే. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ల్యాంపు రూముకు చేసిండు. ఎత్తింది జైపాల్, ఎరుకైన పిలగాడే.

"హర్షిణి ఎప్పుడో పైకొచ్చింది కాకా. కొక్కేనికి ఆమె బిళ్ళ లేదు. ఫికర్ చెయ్యకు, లెక్క సరిపోయింది."

"సరిపోలే జైపాల్! నా బిడ్డ లోపలున్నది! జల్ది మనుషులను దింపు!"

"అదేంది కాకా... ఆగు, ఆగు." కుర్చీ జరిపిన చప్పుడు. "ఆమె కొక్కేనికి ఏదో పాతది ఉన్నది. పచ్చగ చిలుము పట్టింది. మూడు వందల పదిహేడట. ఈ నంబరు మన దగ్గర లేదే... ఇది ఎవలది కాకా?"

 సదానందం పద్దెనిమిదేండ్లు దాచిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"ముత్యంది. ఆ దినం కొక్కెం మీదికెల్లి నేనే తీసిన. నా తప్పుకు నా బిడ్డనా... జైపాల్, నీ కాళ్ళు మొక్కుత, సైరన్ కొట్టియ్యి!"

అవతల జైపాల్ ఉరికిన చప్పుడు వినవడ్డది. ఫోను బల్ల మీదనే ఉన్నది.

ఇవతల అర్రల, అట్ట సొరంగంల, మళ్ళ మొదలైంది.

టక్... టక్... టక్...

సదానందం చెవి పెట్టి విన్నడు. ఇప్పుడు కొట్టేటోళ్ళు ఇద్దరున్నరు.