మధ్యాహ్నం రెండింటి నడక

ఉదయం ఆరున్నరకు స్వరూప కాళ్లలోకి లచ్చవ్వ నడక వచ్చింది.

ముందుగదిలో నడకచట్రం మధ్య, నడుముకు పట్టాలు బిగించుకుని నిలబడి ఉన్న స్వరూపకు అది ఎవరి నడకో వేరే చెప్పనక్కర్లేదు. ఎడమ మడమ ముందుగా నేలకు ఆనింది. తరువాత కుడిపాదం కొద్దిగా బయటికి తిరిగి పడింది. అరవై ఎనిమిదేళ్ల లచ్చవ్వ ఎప్పుడూ అట్లాగే నడుస్తుంది. ఆమె ఇప్పుడు రెండంతస్తుల కింద, కాలనీ వీధిలో ఉంది. ఆమె చీలమండలకు కట్టుకున్న అడుగుపట్టీలు ప్రతి కదలికనూ అదే క్షణంలో పైకి పంపుతున్నాయి.

"లేసినవా బిడ్డా?" చెవిలోని గుండీలోంచి లచ్చవ్వ గొంతు వినబడింది.

"లేసిన అవ్వా. జర మెల్లగ పో. ఒళ్లంత పట్టేసినట్టున్నది."

"మెల్లగనే పోతున్న. పాలకేంద్రం దాక పోయి పార్కు దిక్కు మళ్లుదాం. ఈడ నల్లాపైపు కోసం గుంత తవ్విన్రు. దాటుతున్న చూడు."

స్వరూప కుడికాలు మామూలుకన్నా ఎత్తు లేచింది, ఒక క్షణం గాలిలో నిలిచి, దూరంగా పడింది. ఆమె నవ్వింది. గుంత తను చూడలేదు. కానీ దాటింది.

అనుచలనం వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. ఒకరి కదలికను మరొకరి ఒంటికి అందించే ఆ విద్య జనజీవితంలో చేరని మూల లేదు. బడిపిల్లలు దస్తూరీ బాగున్న పంతులమ్మ చేతికదలికతో అక్షరాలు దిద్దుతారు. కొత్తగా మిషను ఎక్కిన దర్జీ, ఆరితేరిన దర్జీ వేళ్లతో మొదటి కాజా కుడతాడు. అయితే ఆ కదలికలన్నీ ఎక్కడో చల్లని గదుల్లో, ఏరికోరి తెచ్చిన మనుషుల నుంచి నమోదు చేసి పెట్టినవి. వాటిని నమూనాలు అంటారు. నమూనా ఉండగా, ఒక మనిషి పనిగట్టుకుని ఇంకొకరి కోసం నడవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. మూడో బాయి కాలనీకి ఆ అవసరం స్వరూప వల్ల వచ్చింది.

మంచిర్యాల దాటాక ఉన్న ఆ బాయిలో బొగ్గు తీయడం ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ లోతైన గోతిలో ఇల్లంత బరువులు వేలాడుతుంటాయి. పగలు ఎండ నుంచి వచ్చే కరెంటుతో వాటిని పైకి లాగుతారు. పొద్దుగూకాక కిందికి వదిలితే అవి తిరిగి కరెంటు ఇస్తాయి. ఆ బరువులను మోసే ఉక్కు తాళ్లను పరీక్షించడం స్వరూప పని. లిఫ్టు కప్పు మీద నిలబడి గజం గజం తడిమి చూడాలి. చూడడం అయ్యాక ఆమె గంట రెండుసార్లు మోగిస్తేనే, పైన ఇంజను గదిలో కూర్చున్న సదానందం లిఫ్టును కదపాలి. పదకొండేళ్లు ఇద్దరూ ఒక్క పొరపాటూ లేకుండా అట్లాగే పనిచేశారు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం ఆమె గంట మోగించకుండానే లిఫ్టు కదిలింది. స్వరూప నాలుగు మీటర్ల కింద ఉన్న దిమ్మె మీద వెల్లకిలా పడింది. వెన్నెముక విరిగింది.

కింది మట్టంలోని గంట తీగ కలిసిపోయి పై గదిలో మోగిందని, అది తీగల దోషమని విచారణలో రాశారు. స్వరూప ఒప్పుకోలేదు. కింది గంట చప్పుడు వేరు, తన గంట చప్పుడు వేరు. పదకొండేళ్లు విన్న సదానందం చెవికి ఆ తేడా తెలియకుండా ఉండదు. వరంగల్ ఆసుపత్రిలో తొమ్మిది గంటలపాటు శస్త్రచికిత్స జరిగిన నాలుగో రోజు సదానందం చూడడానికి వచ్చాడు. ఆమె గోడవైపు ముఖం తిప్పుకుంది. అతను వెళ్లిపోయాక భర్త ఓదెలుతో ఒకే మాట చెప్పింది.

"ఆ మనిషి నా గడప తొక్కద్దు."

తెగిన నరాల మధ్య వైద్యులు నాడీవంతెన అమర్చారు. ఇంటికి వచ్చాక ఆ వంతెన మీదుగా కాళ్లకు నమూనా నడక అందించారు. చట్రం నుంచి బయటికి వచ్చిన మూడుసార్లూ ఆమె పడిపోయింది. వారం వారం వచ్చి చూసే కదలిక వైద్యురాలు మెహరున్నీసా, మూడోసారి ఆమెను లేపి కూర్చోబెట్టి, తానూ నేల మీదే కూర్చుంది.

"స్వరూపక్కా, ఈ వంతెన నూరు రోజులు పచ్చిగ ఉంటది. ఆ లోపల ఏ అడుగు నేర్చుకుంటే అదే నిలుస్తది. తర్వాత గట్టిపడుతది, ఇంక ఏదీ ఎక్కదు. నమూనా నడక చదును నేల మీద, ఇరవై ఐదేండ్ల ఆటగాడు నడిచింది. మీ కాళ్లు దాన్ని నమ్ముతలేవు. మనిషి నడవాలె. మీ వీధిలనే, మీ కోసం, రోజూ నాలుగు గంటలు."

"నేను నడుస్త," అన్నాడు ఓదెలు.

డ్యూటీ చేసి వచ్చి, ఎనిమిది రోజులు నడిచాడు. తొమ్మిదో రోజుకు అతని మోకాలు వాచి కాలు కింద పెట్టనివ్వలేదు. ఆ పూట కూర తెచ్చిన పక్కింటి లచ్చవ్వ, గిన్నె బల్ల మీద పెట్టి అతన్ని కిందా మీదా చూసింది.

"ఇటియ్యి ఆ పట్టీలు. పెనిమిటి మోకాలు పోతే పెండ్లాం నడుస్తదా? నాకు మోకాళ్లు మంచిగనే ఉన్నయి."

సాయంత్రానికి ఆమె మూడు వీధులు తిరిగింది. మరునాటికి పందొమ్మిది మంది పేర్లు వంటింటి గోడ మీద కాగితంలోకి ఎక్కాయి.

అట్లా మొదలైంది. బడి పంతులు నడుస్తూ నడుస్తూ ఆనాటి పాఠం ఒకసారి వల్లెవేసుకునేవాడు. స్వరూపకు జిల్లా నదులన్నీ కంఠతా వచ్చాయి. దర్జీ భార్య కూరగాయల బజారుకు తీసుకుపోయేది. ప్రతి బండి ముందూ ఇద్దరూ ఆగేవారు. "వంకాయలు చూస్తున్నవా?" అని ఆమె అడిగితే, "లేతవి తీసుకో," అని స్వరూప తన ముందుగదిలోంచి చెప్పేది. జూన్ వానలకు వీధులు చెరువులైతే వాళ్లు సంఘం హాల్లో కుర్చీలు పక్కకు జరిపి చుట్లు తిరిగారు. జ్వరం వచ్చిన రోజు ఒకరు ఇంకొకరిని పంపారు తప్ప, ఆ కాగితంలో ఏ గంటా ఖాళీగా పోలేదు. వీధిలో ఇంతకు ముందు తలూపి దాటిపోయిన మనుషులే వీళ్లు. ఎవరి అడుగు ఎంత బరువో, ఎవరికి ఏ కాలు నొప్పో ఇప్పుడు ఆమెకు తెలుసు. ఒక్కోసారి చట్రంలో నిలబడే ఏడ్చేది. వాళ్లకు వినబడకుండా గుండీ మూసి ఏడ్చేది.

మధ్యాహ్నం రెండింటి వేళ మాత్రం ఒక మాట్లాడని మనిషి నడిచేవాడు. ఎండాకాలంలో ఆ వేళకు ఎవరూ దొరకలేదు. "మా తమ్ముని కొడుకు. సిగ్గరి, నోరు తెరువడు," అని లచ్చవ్వ చెప్పింది. అతని అడుగు బరువైనది, నిదానమైనది. అందరూ స్వరూప పడిపోతుందన్న భయంతో చదునుగా ఉన్న చోటే తిరిగేవారు. ఇతను రోజూ పాత స్నానాల గది వెనక ఉన్న రాతి మెట్లకు పోయేవాడు. నలభై ఒక్క మెట్లు దిగి, మళ్లీ ఎక్కేవాడు. దిగేటప్పుడు ప్రతి మెట్టు ముందూ అర సెకను ఆగేవాడు. చట్రంలోని పాదపలకలు ఆమె కింద ఒక్కొక్కటే దిగేవి.

"అన్నం తిన్నవా తమ్మీ?" అని ఆమె రోజూ అడిగేది. జవాబు ఉండేది కాదు. "నీ పుణ్యమాని రెండు మెట్లు దిగే ధైర్యం వచ్చింది," అని కూడా ఒకరోజు చెప్పింది. అప్పుడు అతని ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టు వినబడింది.

అరవై రెండో రోజున ఆ మెట్ల దగ్గర ఎవరో దారిన పోతూ అతన్ని పలకరించారు.

"ఏం సదానందమన్నా, ఈ ఎండల ఏం తిరుగుడే?"

స్వరూప చేయి చాపి చట్రాన్ని ఆపేసింది.

సాయంత్రం ఓదెలు చెప్పులు విడిచేలోపే అడిగింది.

"నీకు తెల్సా?"

అతనికి అర్థమైంది. "తెల్సు."

"నా కాళ్లల్లకు ఆయన్ను తోలినవా?"

"నేను తోలలే. ఆయనే వచ్చి మెట్ల కింద నిలవడ్డడు. నాలుగు దినాలు నిలవడ్డడు. నీ మాట దాటలే స్వరూపా, గడప తొక్కలే. ఆ పొద్దు వేళకు ఎవ్వరు లేకుండె. నీకు చెప్తే వద్దంటవని చెప్పలే. నాకు నీ కాళ్లు ముఖ్యం."

ఆమె అన్నం తినలేదు. మూడు రోజులు మధ్యాహ్నం వేళ చట్రం ఎక్కలేదు. లచ్చవ్వ తన నడక తాను నడిచి, మాటలు తగ్గించి వెళ్లిపోయింది.

నాలుగో రోజు మెహరున్నీసా వచ్చి కాళ్లను పరీక్షించింది. తెర మీద గీతలను చాలాసేపు చూసింది.

"చదునుకు మీరు ఇంతమంది మనుషుల సాయంతో నేర్చుకున్నరు. మెట్లు మాత్రం ఒక్కరి దగ్గరే వచ్చినయి. ఆ నడక ఆగింది, మెట్లు వెనకకు పోతున్నయి. మీది రెండో అంతస్తు అక్కా, మెట్లు రాకుంటే ఈ గదిలనే ఉంటరు." కాస్త ఆగి, ఎర్రగా మెరుస్తున్న ఒక చుక్కను చూపింది. "ఇంకొకటి. దిగే ప్రతి అడుగు ముందు మీ కాలు ఆగుతున్నది. యంత్రం దీన్ని లోపం అంటున్నది. దిద్దుమంటున్నది. నమూనా పెట్టి తుడిచెయ్యనా?"

స్వరూప ఆ చుక్కను చూసింది.

"వారం ఆగు. ఆ మనిషిని ఒక మాట అడగాలె."

మరునాడు రెండింటికి ఆమె పట్టాలు బిగించుకుని గుండీ తెరిచింది. అవతల ఎవరైనా ఉంటారో లేదో తెలియదు. కానీ పట్టీలు కలిసిన సన్నని చప్పుడు వెంటనే వినబడింది. నడక మొదలు కాలేదు. అన్ని రోజులూ ఆ వేళకు అతను పట్టీలు కట్టుకుని అక్కడే నిలబడ్డాడని ఆమెకు తరువాత తెలిసింది.

"సదానందమన్నా. నేను."

"ఊఁ."

"మెట్టు మెట్టుకు ఎందుకాగుతవ్?"

ఎండలో ఏదో పిట్ట అరుస్తున్నది.

"నువ్వు గంట కొట్టినవా లేదా అని."

"నా దగ్గర గంట లేదు కద."

"లేదు. అయినా ఆగుత. ఆ దినం అది నీ గంట కాదని నాకు తెల్సింది చెల్లె. చెయ్యి అప్పటికే మీట మీద పడ్డది. ఒక్క ఊపిరి ఆగి ఉంటే నువ్వు పడకపోదువు. వాళ్లు తీగల తప్పని రాసిన్రు, నేను ఊకున్న. మళ్ల ఇంజను మీద కూసోలే. కూసుంటే చేతులు వణుకుతయి."

ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలని స్వరూప నాలుగు నెలలుగా ఎదురు చూసింది. విన్నాక తిట్టాలనుకున్న మాటలు చాలా ఉండేవి. అవి ఆమె నోటికి రాలేదు. తన కాళ్లు అతని కాళ్ల లోపల నిలబడి ఉన్నాయి, అవి నిలవలేక సన్నగా వణకడం ఆమెకు తెలుస్తున్నది.

"మెట్ల మీదనే ఉన్నవా?"

"పై మెట్టు మీద."

"గంట కొట్టిన," అంది స్వరూప. "దిగు."

అతను దిగాడు. రెండో మెట్టు దగ్గర ఆగాడు. "ఊఁ," అంది ఆమె. మూడో మెట్టు దగ్గర మళ్లీ ఆగాడు. "ఊఁ." నలభై ఒక్క మెట్లూ అట్లాగే దిగారు. కింద ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

వారం తరువాత మెహరున్నీసా అడిగితే, "ఉండనియ్యి," అని మాత్రం చెప్పింది స్వరూప. వైద్యురాలు ఆ ఎర్రచుక్క పక్కన ఏదో రాసుకుని తెర మూసింది.

నూరో రోజు గడిచింది. ఊతకర్ర ఒక చేత, ఓదెలు భుజం ఒక చేత పట్టుకుని స్వరూప రెండంతస్తుల మెట్లు దిగింది. పందొమ్మిది మందిలో పదహారు మంది కింద నిలబడి ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె అడుగులను వంచిన తలలతో చూస్తూ ఎవరిది వాళ్లు వెతుక్కున్నారు. "గా కుడికాలు నాదే," అని లచ్చవ్వ పక్కవాళ్లకు చూపించింది. స్వరూప ఒక్కొక్కరి ముందూ ఆగి చేతులు పట్టుకుంది. పంతులు, "జిల్లా నదులు చెప్పు," అని అడిగి నవ్వించాడు.

ఇంకో పది రోజులకు, ఊతకర్ర ఒక్కదానితో, ఆమె ఒంటరిగా బయలుదేరి సదానందం ఇంటికి వెళ్లింది. వీధికన్నా పల్లంగా ఉన్న పాత క్వార్టరు అది. వాకిట్లోంచి లోపలికి నాలుగు మెట్లు దిగాలి. ఆమె ఒక్కొక్క మెట్టే, ఆగి ఆగి దిగింది.

వంటింట్లోంచి సదానందం భార్య కమల గొంతు వినబడింది.

"వచ్చినవా? కాళ్లు కడుక్కో, వడ్డిస్తున్న."

ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్న సదానందం తలెత్తి గుమ్మంవైపు చూశాడు.

కమల అన్నం పళ్లెంతో బయటికి వచ్చింది. మంచం మీద ఉన్న భర్తను చూసింది. గుమ్మంలో నిలబడ్డ స్వరూపను చూసింది. పళ్లెం పట్టుకున్న చేయి అక్కడే ఆగిపోయింది.

"నువ్వు ఈడనే ఉంటివి," అంది భర్తతో మెల్లగా. "మరి మెట్లు దిగింది ఎవరు?"

"నేనే అక్కా," అంది స్వరూప.

కమల ఆమె పాదాలను చూసింది. ముప్పై ఏళ్లుగా వింటున్న భర్త అడుగుల చప్పుడు ఆ పాదాల కింద ఉంది. కమల కళ్లు నిండాయి. పళ్లెం తెచ్చి స్వరూప ముందు పీట మీద పెట్టి, భర్త కోసం ఇంకొకటి తేవడానికి లోపలికి వెళ్లింది.