మీ ఫ్యాన్‌ని మాట్లాడుతున్నా!

“హలో, మీ ఫ్యాన్‌ని మాట్లాడుతున్నా!”

తిరుపతి బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో బాలచంద్ర గొంతుకి తేనె పూసుకుని మరీ అన్నాడు. తను ప్రేమిస్తున్న క్లాస్‌మేట్ లోహిత కిసుక్కున నవ్వుతుందని రిసీవరు చెవికి అదిమి పట్టుకున్నాడు.

“ఎవురూ?” అని ఉరిమింది అవతలి గొంతు.

అది లోహిత నాయన చెంగయ్య గొంతు. వడమాలపేటలో చెనక్కాయల వ్యాపారి. పాపం, బాలచంద్ర నోటికొచ్చింది అనేశాడు.

“ఫ్యాన్... ఫ్యాన్ రిపేరు, అన్నా!”

“ఓహో. మా నట్టింట్లో ఫ్యాను కిర్రుకిర్రుమంటా ఉండాది. ఆదివారం పొద్దన్నే వచ్చెయ్.”

మర్నాడు యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు క్లాసు బయట, వరండాలో జల్లు కొడుతుంటే, లోహిత అతని మీద విరుచుకుపడింది.

“నీ జోకుల్లో మన్ను బొయ్య! నువ్వు రాకపోతే నాయనకు అనుమానమొస్తాది. తెలిసిందంటే నా చదువు ఆడికి సరి. ఎవురికో ఒకరికి కట్టబెట్టేస్తాడు.”

“నాకు కరెంటంటే భయం లోహీ! బల్బు మార్చాలన్నా దేవుడికి మొక్కుకుంటా.”

“నాకు నాయనంటే భయం. ఎవురిది పెద్దదో నువ్వే చెప్పు.”

బాలచంద్ర తలూపి హాస్టలు దారి పట్టాడు.

ఆదివారం హాస్టల్లో అడిగి తెచ్చుకున్న స్క్రూడ్రైవరుతో వడమాలపేటలో బస్సు దిగాడు. వసారాలో లోహిత అమ్మ ఆదిలక్ష్మమ్మ వేయించిన చెనక్కాయ గింజల్ని నలిపి, చేటతో పొట్టు చెరుగుతోంది. లోహిత వంటింటి తలుపు వెనక సగం మాత్రమే కనబడింది. ఆ సగం మొహం కూడా పాలిపోయి ఉంది.

“ఎక్కు సామీ,” అంటూ చెంగయ్య స్టూలు వేసి గట్టిగా పట్టుకున్నాడు.

బాలచంద్ర ఎక్కాడు. ఆయన పట్టుకున్నా స్టూలు టకటకలాడింది. రెక్క మీద చెయ్యి వెయ్యాలంటే ప్రాణం పోతోంది.

“భయపడొద్దు, మెయిన్ ఆపినా. అవునూ, రిపేరు చేసేటోడు ఎవడన్నా ఫోన్లో ‘మీ ఫ్యాన్‌ని’ అంటాడా?”

“అది... పొరపాటున, అన్నా...”

“అన్నా? నన్ను అన్నా అంటే నా బిడ్డ నీకు కూతురవుతాది. నీకు సమ్మతమేనా?”

బాలచంద్ర కిందికి చూశాడు. తెలిసిపోయింది! దిగి పారిపోదామంటే స్టూలు ఆయన చేతిలోనే ఉంది.

“లో... లోహిత తప్పేం లేదు. చదువు మాన్పించొద్దు. నన్నేమన్నా చెయ్యండి.”

“అది తర్వాత సూస్తాం. ముందు ఫ్యాన్ అంటే ఏందో చెప్పు.”

భయంలో బాలచంద్ర నోటికి పాఠం తప్ప ఇంకేమీ రాలేదు. “ఇంగ్లీషులో రెండు ఫ్యాన్లుండాయి. గాలి ఫ్యాను ‘వన్నస్’ అనే లాటిన్ మాట నుంచి పుట్టింది. వన్నస్ అంటే చేట. ఇంకోటి ‘ఫానుమ్’ నుంచి వచ్చింది. అంటే గుడి. గుళ్ళో పూనకమొచ్చినోణ్ణి ఫనాటిక్ అనేవాళ్ళు. దాన్ని కత్తిరిస్తే ఫ్యాన్.”

వసారాలో చేట చప్పుడు ఆగిపోయింది.

“చేట ఒకటి, గుడి ఒకటి,” అన్నాడు చెంగయ్య మెల్లగా. “నువ్వు ఏ ఫ్యానువి?”

“గుడి ఫ్యాన్‌ని... మామా.”

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు. ఇప్పుడు స్టూలు లాగేస్తాడని కళ్ళు మూసుకున్నాడు. స్టూలు కదల్లేదు.

“పూనకం ఎవురికైనా వస్తాది. మా ఇంట్లో మాత్రం మొదటి ఫ్యాను, ఆ చేట, నేనే. చెరగకుండా ఏదీ లోపలికి పోనీను. వచ్చే ఆదివారం మీ నాయన్ని పిల్చుకోని రా. అందాకా ఫోన్లు బంద్. దాని చదువుకేం ఢోకా లేదులే. గింజవో పొట్టువో ఆ పొద్దు తేలుస్తా.”

వంటింటి తలుపు కిర్రుమంది. జీవితంలో ఎన్నడూ నాయన మాటకు అడ్డం పలకని లోహిత గడప మీద నిలబడి ఉంది.

“గింజే నాయనా,” అంది.